కాలు జారితే తీసుకోగలమా?

గత మూడు నెలల్లో నేను సాధించిన ఘనకార్యాలు ఇవి. పాలగిన్నె దించబోయి ముంజేయి కాల్చుకున్నాను. తలుపు సందులో బొటనవేలు నలగగొట్టుకున్నాను. చీకట్లో మంచంకోడుకు మోకాలు తగిలించుకున్నాను. చివరగా, స్నానాలగదిలో కాలు జారి, ఆసరాకని కుళాయి పట్టుకుని, ఆ కుళాయితో సహా కిందికి వచ్చాను. 66 ఏళ్ళ జీవితంలో ఇంత వైవిధ్యం మునుపెన్నడూ ఎరుగను.

మొదటి మూడింటినీ ఇంట్లో చెప్పాను. నాలుగోది చెప్పలేదు. కుళాయి తుప్పుపట్టి ఊడిపోయిందన్నాను. నా భార్య నమ్మిందో, నమ్మినట్టు ఊరుకున్నదో తెలియదు. ఆ రాత్రి నడుము నొప్పితో పక్కకు ఒత్తిగిలలేక పడుకుని ఉండగా, ఈ అబద్ధం నాకు ఎక్కడో పరిచయమున్నదే అనిపించింది. అది మా నాన్నగారి అబద్ధం.

1994లో నాన్నగారికి 71 ఏళ్ళు. అప్పుడు మేము తెనాలిలో మా పాత ఇంట్లో ఉండేవాళ్ళం. పెరట్లో బావి, బావి చుట్టూ నాచు పట్టిన గచ్చు. వానాకాలంలో ఒకనాడు ఆయన అక్కడ జారిపడ్డారు. మోచెయ్యి దోక్కుపోయింది, అంతే. నేను ఆఫీసు నుంచి వచ్చి చూసి, "చూసుకుని నడవకూడదూ? ఈ వయసులో బావి దగ్గర మీకేం పని?" అన్నాను. ప్రేమతోనే అన్నాననుకున్నాను. ఆయన బదులు పలకలేదు. తప్పు చేసి దొరికిపోయిన పిల్లవాడిలా తల వంచుకున్నారు.

రెండు నెలల తరువాత ఒక రాత్రి, మరుగుదొడ్డికి వెళుతూ గడప తన్నుకుని మళ్ళీ పడ్డారు. ఈసారి ఎవరికీ చెప్పలేదు. గోడ పట్టుకుని నడుస్తుంటే ఏమిటని అడిగాను. వాతపు నొప్పి అన్నారు. ఐదో రోజున మంచం మీద నుంచి లేవలేకపోయారు. తుంటి దగ్గర ఎముక చిట్లి ఉన్నదనీ, దాని మీదనే నడవడంతో పూర్తిగా విడిపోయిందనీ, పడిన రోజే తీసుకొచ్చి ఉంటే ఇంతవరకూ వచ్చేది కాదనీ డాక్టరుగారు చెప్పారు. ఏడు నెలలు మంచంలో ఉండి ఆయన వెళ్ళిపోయారు. చివరి రోజుల్లో ఒకసారి, "ఎందుకు చెప్పలేదు నాన్నగారూ?" అని అడిగాను. "నువ్వు కోప్పడతావని" అన్నారు.

కాలు జారితే తీసుకోగలం గాని నోరు జారితే తీసుకోలేమని మన సామెత. దాన్ని పుట్టించినవాడు ముసలితనం ఎరుగనివాడై ఉంటాడు. వార్ధక్యంలో జారిన కాలినీ తీసుకోలేం. పైగా మా ఇంట్లో ముందు జారింది నా నోరే.

పెద్దవాళ్ళు పడినప్పుడు మనం దాన్ని అజాగ్రత్త అంటాం. అది అన్యాయమని నా అభిప్రాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెలువరించిన నివేదిక ప్రకారం, 65 దాటినవారిలో నూటికి 28 నుంచి 35 మంది ఏటా ఒకసారైనా పడుతున్నారు. అదే సంస్థ 2021లో ఇచ్చిన లెక్క ప్రకారం, ప్రపంచం మొత్తం మీద ఏటా సుమారు 6,84,000 మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారు. అనుకోకుండా తగిలే గాయాలతో సంభవించే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తరువాతి స్థానం దీనిదే. ఇంతమందీ చూసుకుని నడవనివాళ్ళేనా?

నిటారుగా నిలబడటం చూడటానికి సులువే గాని, దాని వెనుక పెద్ద యంత్రాంగమే ఉన్నది. కళ్ళు, లోపలి చెవి, పాదాలూ కీళ్ళూ పంపే కబుర్లు, వాటిని అందుకుని క్షణంలో బిగిసే కండరాలు, అన్నీ కలిసి పనిచేయాలి. వయసుతో ఇవన్నీ తలా కాస్త నెమ్మదిస్తాయి. మధుమేహం ఉంటే పాదాలకు స్పర్శ తగ్గుతుంది. పడుకున్నవాడు చటుక్కున లేస్తే రక్తపోటు పడిపోయి కళ్ళు తిరుగుతాయి. రక్తపోటుకు వేసుకునే మాత్రలూ, నిద్రమాత్రలూ దీనికి తోడవుతాయి. చదువుకోవడానికని పెట్టించుకున్న రెండు భాగాల కళ్ళద్దాల్లో కింది సగంలోంచి చూస్తే మెట్టు అంచు అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది. తూలడం యవ్వనంలోనూ ఉన్నది. తూలి నిలదొక్కుకునే శక్తే ఇప్పుడు తగ్గింది.

ఇక మన ఇళ్ళ సంగతి. అద్దంలా మెరిసే టైల్స్ మీద నీళ్ళు పడితే కనిపించవు. స్నానాలగదికీ బయటి గదికీ మధ్య ఒక చిన్న మెట్టు, రెండు వైపులా ఒకే రంగు. పట్టుకోవడానికి ఎక్కడా ఏమీ ఉండదు. ఇంటికి లక్షలు పోసినవాళ్ళం గోడకు ఒక స్టీలు కడ్డీ బిగించడానికి మాత్రం ఎవరో ఒకరు పడేదాకా ఆగుతాం. "జాగ్రత్త నాన్నా" అనడం ఖర్చులేని పని గదా!

పెద్దవాళ్ళ మొండితనం మాటేమిటని మీరడగవచ్చు. నిజమే. ఆవకాయ జాడీ కోసం స్టూలెక్కే అమ్మల్ని నేనూ ఎరుగుదును. కానీ ఎక్కవద్దు, నడవవద్దు, కదలవద్దు అని కూర్చోబెడితే, కండరం మరింత సన్నగిల్లి, భయం మరింత పెరిగి, పడే అవకాశం ఇంకా ఎక్కువవుతుంది. జాడీని అటక మీద నుంచి కిందికి దించితే సరిపోయేదానికి అమ్మను కుర్చీలో బంధించడం ఎందుకు?

నేను కోరేది ఒక్కటే. ఇంట్లో పెద్దవారు పడినప్పుడు "ఎందుకు పడ్డారు?" అని అడగకండి. "ఎక్కడ పడ్డారు?" అని అడగండి. మొదటి ప్రశ్నకు మనిషి సంజాయిషీ చెప్పుకోవాలి. రెండో ప్రశ్నకు ఇల్లు చెప్పుకుంటుంది. మొదటిది విన్నవాళ్ళు మరోసారి చెప్పరు.

నిన్న నా భార్యకు నిజం చెప్పేశాను. బెంగళూరులో ఉన్న మా అబ్బాయికీ ఫోన్లో చెప్పాను. "చూసుకుని నడవాలి గదా నాన్నా!" అన్నాడు వెంటనే. కోపం రాలేదు. ఆ మాట వాడికి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. అప్పుడు వాడికి వాళ్ళ తాతగారి సంగతి మొదటిసారి పూర్తిగా చెప్పాను. కాసేపు వాడేమీ మాట్లాడలేదు. తరువాత మెల్లిగా, "ఎక్కడ నాన్నా, గుమ్మం దగ్గరా, కుళాయి దగ్గరా?" అని అడిగాడు.

రేపు ప్లంబరు వస్తున్నాడు.