పెరటిలోని వసంతము

వసంత ఋతువును గూర్చి వ్యాసము వ్రాయుమనగానే మన విద్యార్థులు తడుముకొనరు. మామిడి పూచును, కోకిల కూయును, మలయమారుతము వీచును, ప్రకృతికాంత పచ్చని చీర గట్టును. ఈ నాలుగు మాటలు వ్రాసిన బాలునకు మార్కులు వచ్చును. అక్షరదోషములు లేనిచో ఉపాధ్యాయుడును తగ్గింపజాలడు. కాని ఆ బాలుని యింటి వెనుక, కుళాయి ప్రక్కన, ఆ వారము ఏమి పూచినదని అడిగి చూడుడు. జవాబు రాదు. వసంతము వానికి పుస్తకము నుండి వచ్చినది. పెరటి నుండి రాలేదు.

కావ్యములను తప్పు పట్టుట మా యుద్దేశము కాదు. కాళిదాసు ఋతుసంహారమును గ్రీష్మముతో మొదలుపెట్టి వసంతముతో ముగించినాడు. మిక్కిలి రుచిగల పదార్థమును విస్తరిలో చివరకు మిగుల్చుకొను భోజనప్రియుని పద్ధతి యది. అయినను కవి వర్ణించిన వసంతమునకును మన పెరటి వసంతమునకును ఒక నెల రెండు నెలల తేడా యున్నది. ఆంధ్రదేశమున మామిడి సాధారణముగా పుష్యమాఘములలోనే పూయును. ఉగాది నాటికి పూత రాలి పిందె నిలిచి, కాయ కట్టియుండును. ఆ కాయ ముక్కలనే గదా మనము ఉగాది పచ్చడిలో వేసికొనుచున్నాము! చైత్రమున మామిడి పూచినదని వ్రాయు బాలుడు ఆ యుదయముననే మామిడికాయ నమలి వచ్చినవాడు. నాలుక ఎరిగిన సత్యము కలమునకు తెలియకపోయినది.

చైత్రమున నిజముగా పూచునది వేప. బియ్యపుగింజను పోలిన మొగ్గ, విచ్చినచో అయిదు తెల్లని రేకులు, నడుమ నొక చిన్న గొట్టము. చేదునకే పేరుపడిన ఈ చెట్టు పూవునకు తేనెవాసన యున్నదని చెప్పినచో నమ్మని పిల్లలున్నారు. వారిని ఒక రాత్రి ఆరుబయట వేపచెట్టు క్రింద నిలువబెట్టిన చాలును. వెనుకటి గృహిణులు చెట్టు క్రింద పాత చీర పరచి, రాలిన పూతను ఏరి, ఎండబెట్టి, చారునకు దాచుకొనెడివారు. నేడు పట్టణములలో ఉగాది ముందునాడు వేపపూత రెమ్మలను బేరమాడి కొనుచున్నాము. కొన్న వీథి మలుపుననే వేపచెట్టు పూచి యుండును. తలయెత్తి చూచినవారు లేరు.

తెలుగు తరగతిలో మన్మథుని పంచబాణములను కంఠస్థము చేయింతురు: అరవిందము, అశోకము, చూతము, నవమల్లిక, నీలోత్పలము. వీనిలో అశోకమేదో చూపుమన్నచో విద్యార్థి పాఠశాల ప్రహరీ వెంబడి నిటారుగా నిలిచిన పొడుగాటి ఆకుల చెట్టును చూపును. అది నరమామిడి. దాని పూవు లేతాకుపచ్చనిది, ఆకులలో కలిసిపోవును. నిజమైన అశోకము పూచినచో కొమ్మలు నారింజరంగు గుత్తులతో నిండి, ముదిరినకొలది ఎఱ్ఱబారును. ఆ రంగును చూచినవారికి అది బాణమెట్లయినదో వివరింప నక్కఱలేదు. పేరు తప్పిన చెట్టు నీడన కూర్చుండబెట్టి ఆ పేరునే వల్లెవేయించుట మన కలవాటైపోయినది.

అయిదు బాణములలో సామాన్యుని పెరటికి అందునది నవమల్లిక. వేసవి ముంగిట మన ఇండ్లను ఏలునది మల్లెయే. దాని పోషణలో నొక విచిత్ర మున్నది. తక్కిన మొక్కలను సాకి పూయింతుము; మల్లెను కొంత మాడ్చి పూయింతుము. చలికాలమున నీరు తగ్గింతురు. పుష్యమాఘములలో ఆకు దూసి, కొమ్మలు కత్తిరింతురు. అప్పుడు చూచినవారికి మొక్క చచ్చినదనియే తోచును. తరువాత పాదు త్రవ్వి, ఎరువు వేసి, నీరు విడిచినచో క్రొత్త రెమ్మలు పుట్టును. మొగ్గ తొడుగునది ఆ క్రొత్త రెమ్మలకే. పాత కొమ్మల మీది మమకారముతో కత్తెర పెట్టనివానికి ఆకులే మిగులును. మా యింట నొక యేడు మోడైన పొదను చూచి జాలిపడి, ఇంటి ఆడవారు వలదన్నను వినక, పుష్యమాసమంతయు చెంబుతో నీరు పోసితిమి. పొద ఏపుగా పెరిగినది. ఆ వేసవిలో పూచిన మొగ్గలను వ్రేళ్లమీద లెక్కింపగలిగితిమి. వ్యవసాయ గ్రంథములు చదివినవారము; పెరటి శాస్త్రము మాకన్న వంటయింటివారికే బాగుగా తెలిసియున్నది.

నేటి పట్టణబాలిక మల్లెను మూరలతో ఎరుగును. దండలోని మల్లె కోసిన తరువాత విచ్చినది. పొదమీద విచ్చు మల్లెను చూచుట వేఱొక అనుభవము. అపరాహ్ణమున బిగిసియున్న మొగ్గ, దీపాల వేళకు కొన సడలించును. చీకటి పడునప్పటికి రేకులు విడివడును. వాసన ముందుగా వచ్చి పిలుచును. మఱునాటి ఎండకు అంచులు కందిపోయి, పూవు నేల రాలును. దాని జీవిత మంతయు ఒక రాత్రి. లిన్నేయసు 1753లో మల్లెకును పారిజాతమునకును కలిపి ‘రాత్రిపూవు’ అను అర్థము గల నిక్టాంథెస్ అను పేరు పెట్టినాడు. 1789లో ఐటన్ అను శాస్త్రజ్ఞుడు మల్లెను జాజుల వర్గములోనికి మార్చినాడు. పారిజాతమునకు పాత పేరే నిలిచినది. వర్గము మారినను, మొదటి పేరులోని సత్యము ప్రతి సాయంకాలము పెరటిలో ఋజువగుచునే యున్నది.

మన వృక్షశాస్త్ర పాఠమున మందారమును నిలువుగా కోసి పటము గీయింతురు. అది కావలసినదే. దానితోపాటు ఒక సాయంకాలము ఒక మొగ్గ ముందు పిల్లలను గంటసేపు ఊరక కూర్చుండనిచ్చుటకు పాఠ్యప్రణాళికలో చోటున్నదా? లేకపోయినను ఉపాధ్యాయుడు చేయగల పనియే యిది. వసంతమును గూర్చి వ్యాసమడిగినపుడు, తాను కంటితో చూచిన పూవునొక్కదానిని వర్ణించిన బాలునకు రెండు మార్కులు అధికముగా వేయవచ్చును. వాని వాక్యము కుంటినను మేము వేయుదుము.

పెరడు లేనిదే యెట్లనువారున్నారు. వారి మాటలో న్యాయమున్నది. పెంకుటిండ్లు పోయి అంతస్తులు లేచుచున్నవి. జనము పెరిగినది, భూమి పెరుగలేదు, ఎవరిని నిందింతుము? కడియపు నర్సరీల నుండి లారీలకొలది మొక్కలు బయలుదేరుచున్నవి, డబ్బున్నవారి మేడలమీద కుండీలు నిండుచున్నవి. సంతోషమే. కాని కొన్నందువలన రానిది యొకటి మల్లెలో నున్నది. రేకులు దట్టమైన బొండుమల్లె విత్తనము కట్టదు. కొమ్మను వంచి మట్టిలో తొక్కి, వేరు పట్టిన తరువాత వేరుచేసి నాటవలెను. లేదా కొమ్మ ముక్కను పాతవలెను. అనగా మన పెరళ్లలోని ప్రతి బొండుమల్లెయు మఱియొక బొండుమల్లె కొమ్మయే. ఒక పుట్టింటి నుండి ఒక అత్తింటికి, ఒక పొరుగింటి నుండి మఱియొక పొరుగింటికి చేతులు మారుచు వచ్చిన ఒకే ప్రాణమది. అంటు తొక్కువారు లేనినాడు ఆ వరుస అక్కడితో తెగును.

గత సంవత్సరము మా వీథిలో ఒక పాత యిల్లు పడగొట్టిరి. ఆ యింటి పెరటి బొండుమల్లెను ఎవరు నాటిరో ఆ యింటి ముసలమ్మగారికే తెలియదు. ఆమె కాపురమునకు వచ్చునప్పటికే అది పూచుచుండెను. ఇల్లు అమ్మకమైనదని వినగానే ఆమె చేసిన మొదటి పని, నాలుగు కొమ్మలు వంచి మట్టి కప్పి రాళ్లు పెట్టుట. మూడు నెలలకు కూలగొట్టు యంత్రము వచ్చినది. అప్పటికి నాలుగింటిలో మూడు వేరు పట్టినవి. ఇంటింటికి తిరిగి వానిని పంచి, ఆమె కుమారుని యింటికి వెడలిపోయిరి. ఆ యిల్లు నాలుగవ అంతస్తున నున్నదట.

వానిలో నొకటి మా మేడమీద కుండీలో నున్నది. ఈ యేడు జాలిపడక కత్తిరించితిమి. మొన్న సాయంకాలము పదకొండు మొగ్గలు లెక్కకు వచ్చినవి. ఆ సంగతి ముసలమ్మగారికి టెలిఫోనులో చెప్పితిమి. ఆమె సంతోషించిరో లేదో గొంతును బట్టి తెలియలేదు. ఆకు ఏ నెలలో దూసితిరని మాత్రము అడిగిరి.