బండ కింద సముద్రం

బేతంచెర్లకు సముద్రం ఎంత దూరం? తూర్పున నల్లమల దాటి కోస్తా దాకా పోవాలి. అదే కాళ్ల కిందికి చూసుకుంటే అసలు దూరమే లేదు. సీమ ఇళ్లల్లో వేసవిలో చల్లగా తగిలే బేతంచెర్ల బండ ఒకప్పటి సముద్రపు అడుగు! యాభై కోట్ల ఏళ్లకు పైనే అయింది. లోతు తక్కువ నీళ్లలో పొరమీద పొరగా పేరుకున్న సున్నపు బురద గట్టిపడి నాపరాయి అయింది. గడ్డపారతో లేపితే పలకలుగా లేచి రావడానికి కారణం ఆ పొరలే. పరదేశం నుంచి వచ్చిన చుట్టానికి ఈ ఊరిని చూపించాలంటే ఇంటి అరుగు నుంచే మొదలుపెట్టొచ్చు.

తెల్లవాళ్లు ఈ ఊరికి కొత్తేం కాదు. 1844లో న్యూబోల్డ్ అనే సైనికాధికారి బిళ్లసర్గం గుహల్లో ఎముకలున్నాయని రాశాడు. నలభై ఏళ్ల తర్వాత రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ వచ్చి తవ్వారు. దొరికిన ఎముకల్లో ఖడ్గమృగానివి కూడా ఉన్నాయి. ఇప్పుడు గొర్రెలు మేతకోసం వెతుక్కునే చోట ఒకప్పుడు ఖడ్గమృగాలు తిరిగాయన్నమాట! 1886లో లైడెకర్ దానికి పెట్టిన శాస్త్రీయ నామంలో కర్నూలు పేరుంది. కర్నూలు మీదుగా అంత దూరం పోయిన పేరు మరొకటి ఉందో లేదో!

ఫుట్ ఆ గుహలకు కెథెడ్రల్, చార్నెల్ హౌస్ అని తన దేశపు పేర్లు పెట్టుకున్నాడు. పుస్తకాలు చదివి వచ్చే అతిథి ఆ పేర్లే అడుగుతాడు. ఊళ్లో ఎవరికి తెలుస్తాయి? బిళ్లసర్గం అంటే చెబుతారు. ఇక్కడ గుహను గవి అంటారని కూడా అతిథికి ముందే చెప్పాలి. 1970లలో మన పరిశోధకులు తవ్విన గుహ పేరే ముచ్చట్ల చింతమాను గవి. పాత పుస్తకాల్లో కర్నూలు జిల్లా అని ఉంటుంది. 2022 ఏప్రిల్ నుంచి బేతంచెర్ల నంద్యాల జిల్లాలో ఉంది. రైలు మాత్రం అదే పాత గుంతకల్లు–నంద్యాల దారి.

బెలుం గుహల భాగ్యం వేరు. 1982–83లో గెబావర్ నాయకత్వంలో జర్మన్లు వాటిని కొలిచారు. 2002లో దీపాలు, దారి వేసి జనానికి తెరిచారు. బిళ్లసర్గానికి అంత పేరు రాలేదు.

జ్వాలాపురం సంగతి ఇంకా విచిత్రం. బనగానపల్లె వైపు, జుర్రేరు లోయలో ఉందీ ఊరు. అక్కడి తెల్లటి పొడిని జనం తవ్వి అమ్ముకునేవాళ్లు, గిన్నెలు తోమే పొడుల్లోకి పోయేది. అది ఇండోనేషియాలోని టోబా అగ్నిపర్వతం 74 వేల ఏళ్ల కింద కక్కిన బూడిద! దాని కిందా పైనా మనుషులు చేసిన రాతి పనిముట్లు దొరికాయని పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్ తదితరులు 2007లో ‘సైన్స్’ పత్రికలో రాశారు. అంత పెద్ద ఉత్పాతం తర్వాత కూడా ఇక్కడ మనిషి నిలబడ్డాడా అని ప్రపంచమంతా వాదించుకుంది. ఆ బూడిదను తవ్వుకున్నవాళ్లను తప్పు పట్టడం తేలికే. అదేమిటో వాళ్లకు ముందుగా చెప్పినవాళ్లెవరు?

వచ్చినవాళ్లంతా భూమిలోకే చూశారు. పైన ఉన్న మనిషినీ చూపించాలి. ఎండ ముదరకముందే గనిలోకి దిగే కూలీని, పాలిష్ మిషన్ల దగ్గర సున్నపు దుమ్ములో తెల్లబడిన ఆడవాళ్లను, టైల్స్ వచ్చాక తగ్గిన గిరాకీని. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఎవరినీ పిలవకండి, బండల మీద అడుగు పెట్టలేరు. చలికాలమైతే హాయి. పొద్దున ఉగ్గాని, బజ్జీ పెట్టి, మద్దిలేటి స్వామి గుడి చూపించి, ఆ తర్వాత గవులకు తీసుకుపోండి. మధ్యాహ్నానికి జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం. కారం సగమే వేయమని వంటింట్లో ముందే చెప్పి ఉంచితే మంచిది.