చుక్క కారదు, నీళ్లుండవు

లారీ కింద చుక్క తడి లేదు. రేడియేటర్‌లో నీళ్లు మాత్రం రోజూ తగ్గుతున్నాయి. ఘాట్‌రోడ్డు ఎక్కితే టెంపరేచర్ ముల్లు ఎరుపులోకి పోతోంది. అలాంటి బండి ఏ ఆటోనగర్ షెడ్డుకు వెళ్లినా తరచూ వినిపించే తీర్పు ఒకటే: 'హెడ్ గ్యాస్కెట్ పోయింది.'

పోయి ఉండొచ్చు కూడా. కానీ హెడ్ విప్పడం ఆఖరి పని. విప్పితే బండి రోజుల తరబడి షెడ్డులోనే. ఓనరుకు ఫైనాన్స్ కిస్తీ ఆగదు, డ్రైవరుకు బత్తా రాదు.

ముందు చేయాల్సింది చల్లారిన ఇంజిన్‌కు ప్రెషర్ టెస్టర్ బిగించి, మూత మీద రాసిన ఒత్తిడి వరకు పంపు కొట్టడం. ముల్లు దిగితే ఎక్కడో లీకున్నట్టే. వేడి ఇంజిన్ మీద కారిన నీరు నేలకు చేరకముందే ఆవిరవుతుంది. గొట్టాల అతుకుల వద్ద, వాటర్ పంపు కింద చారలు మిగులుతాయి. చారలూ లేకపోతే లోపల వెతకాలి. ఇంజిన్ నడుస్తుండగా ట్యాంకులో ఆగకుండా బుడగలొస్తుంటే గ్యాస్కెట్ మీద అనుమానం సబబే. అయితే చాలా లారీల్లో బ్రేకులకు గాలి నింపే కంప్రెసర్‌నూ ఇదే నీరు చల్లబరుస్తుంది. దాని గ్యాస్కెట్ చిరిగినా అవే బుడగలు. హెడ్ విప్పాక ఈ సంగతి తెలిస్తే చేసేదేముంది?

2020 ఏప్రిల్ నుంచి తప్పనిసరైన బీఎస్-6 బండ్లలో చాలావాటికి ఈజీఆర్ కూలర్ ఉంటుంది. పొగను చల్లార్చే ఈ భాగం పగిలితే నీరు సైలెన్సర్ గుండా తెల్లటి ఆవిరై పోతుంది.

చివరికి నింద డ్రైవరు మీదే, దారి పొడవునా బోరునీళ్లు పోశాడని. ఆ నీటిలోని లవణాలు రేడియేటర్‌ను పూడ్చేస్తాయన్నది నిజమే. కూలెంట్ డబ్బాకు డబ్బులివ్వని ఓనరు సంగతి మాత్రం షెడ్డులో ఎవరూ ఎత్తరు. బిల్లు కట్టేది ఆయనే మరి.