చెహ్రాకు తొడుగు, దిమాగ్‌కు దువా!

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలిలో ఇప్పుడు బాక్సింగ్ షౌక్ జోరు మీదుంది. పగలంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నవాళ్లు సాయంత్రం గ్లవ్స్ బ్యాగు తగిలించుకుని జిమ్ మెట్లెక్కుతున్నారు. ముబారక్. నా ఝగడా ఆ షౌక్ మీద కాదు, ఆ జిమ్ముల్లో వినిపించే ఒక మాట మీద: "హెడ్‌గార్డ్ ఉంది కదా సార్, ఏం కాదు." ఈ మాట ఝూట్. ఖతర్‌నాక్ ఝూట్.

హెడ్‌గార్డ్ ఏం చేస్తుందో సాఫ్‌గా మాట్లాడుకుందాం. కనుబొమ్మ చిట్లకుండా, చెవి కమిలిపోకుండా, రెండు తలలు ఢీకొన్నప్పుడు నెత్తురు కారకుండా చూస్తుంది. అది చిన్న పనేం కాదు. దిమాగ్ సంగతి మాత్రం వేరు. మెదడు పుర్రెలో ద్రవం మధ్య తేలుతూ ఉంటుంది. దవడ మీద హుక్ పడితే తల గిర్రున తిరుగుతుంది. పుర్రె ఆగినా లోపల మెదడు వెంటనే ఆగదు, మెలితిరుగుతుంది. అంగుళం ఫోమ్ ఆ మెలికను ఆపలేదు.

2013లో అంతర్జాతీయ బాక్సింగ్ సంఘం ఐబా పెద్దస్థాయి మగవాళ్ల పోటీల్లో హెడ్‌గార్డ్ తీసేయించింది. 2016 రియో ఒలింపిక్స్‌లో మగ బాక్సర్లు ఖాళీ తలలతోనే దిగారు. తొడుగుంటే లేనిపోని ధైర్యం వచ్చి బాక్సర్ తల ముందుకు పెడతాడన్నది అప్పుడు వినిపించిన ఒక దలీల్. తీసేశాక కనుబొమ్మలు చిట్లడం పెరిగింది. అంటే తొడుగు ముఖ్యంగా కాపాడేది చర్మాన్ని.

మరి మనం దేనికోసం కొంటున్నాం? చెహ్రా కోసం. సోమవారం క్లయింట్ కాల్‌లో కెమెరా ఆన్ చేస్తే కన్ను నల్లగా కనిపించొద్దు. ఆడపిల్లయితే ఇంకో ఫికర్: రిష్తా ఎలా కుదురుతుంది? మన నిజామాబాద్ నిఖత్ జరీన్ మొదట్లో దెబ్బతిన్న ముఖంతో ఇంటికొస్తే, ఎవరు చేసుకుంటారని అమ్మీ ఏడ్చిందని నిఖతే చెప్పింది. ఆ బిడ్డే 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయింది. అమ్మీ కన్నీళ్లను నేను తప్పుపట్టను. కానీ నల్లబడ్డ కన్ను కొన్నాళ్లకు మానుతుంది. లోపలి దెబ్బకు ఆ గ్యారంటీ లేదు. బాక్సర్ల తడబడే నడక, మందగించే తెలివి గురించి హారిసన్ మార్ట్‌లాండ్ అనే అమెరికా డాక్టర్ 1928లోనే 'పంచ్ డ్రంక్' పేరుతో రాశాడు. దాదాపు నూరేళ్లయినా మన చూపు చర్మం దాటలేదు. సైబరాబాద్‌లో చాలామంది బైకు హెల్మెట్ పెట్టుకునేది తల కోసమా, చలానా కోసమా? ఇదీ అదే బాపతు.

ఇంకో జుల్మ్ ఉంది. ఫీజు కట్టిన సార్‌కు కొత్త హెడ్‌గార్డ్. ఆ సార్ గుద్దులు తినే కుర్రాడికి? బోరబండ నుంచో, టోలీచౌకీ నుంచో వచ్చే అసిస్టెంట్ కోచ్ సాయంత్రమంతా ఒకరి తర్వాత ఒకరితో రౌండ్లు ఆడతాడు. నేను చూసిన ఒకచోట ఆ కుర్రాడికి మిగిలింది చెమట కంపు కొట్టే, గదవ పట్టీ ఊడిన ఉమ్మడి తొడుగు. అడిగితే "అలవాటే భాయ్" అని నవ్వాడు. అది అలవాటు కాదు, మజ్బూరి. సార్‌కు వారానికో రోజు తగిలేది ఆ పిల్లాడికి రోజూ తగులుతుంది. మెదడు మీద దెబ్బల హిసాబ్‌లో కూడికే ఉంటుంది, తీసివేత ఉండదు.

అయితే కొనొద్దా? తప్పక కొనండి. స్పారింగ్‌కు అది కావాల్సిందే. కనుబొమ్మల పైన చుట్టుకొలత తీసుకుని సైజు చూసుకోండి. పట్టీలు బిగించి తల అటూ ఇటూ విదిలించండి. కళ్ల మీదకు జారితే దుకాణ్‌దార్‌కే తిరిగిచ్చేయండి. చెంపలు కప్పేది గుద్దుల నుంచి చెంపల్ని కాస్తుంది గానీ పక్క నుంచి వచ్చే హుక్‌ను కనపడనివ్వకపోవచ్చు. ముక్కు ముందు కడ్డీ ఉన్నది ముక్కుకు మంచిది, తల బరువు పెంచుతుంది. హిజాబ్ వేసుకునే అమ్మాయిలు జారే గుడ్డతో కాకుండా, తలకు అతుక్కునే స్పోర్ట్స్ హిజాబ్ మీదే కొలత చూసుకోవాలి. మౌత్‌గార్డ్, 16 ఔన్సుల గ్లవ్స్ కూడా ఉండాలి.

ఇదంతా కొన్నా సగం పనే అయింది. అసలు హిఫాజత్ కాయిదాలో ఉంది. మన పాతబస్తీ తాలీంలలో ఎవరు ఎవరితో పట్టు పట్టాలో ఉస్తాద్ చెబుతాడు. ఉస్తాద్ 'బస్' అంటే బస్. ఏసీ జిమ్ముల్లో ఆ 'బస్' అనే నోరు ఎక్కడుంది? తొంభై కిలోల మేనేజర్‌కు అరవై కిలోల ఫ్రెషర్‌ను జోడీగా ఇచ్చి, ఫోన్లో వీడియో తీసుకుంటూ నిలబడేవాడు ఉస్తాద్ ఎలా అవుతాడు? దెబ్బ తగిలి తల తిరిగినా, వాంతి వచ్చినా, వెలుగు చూడలేకపోయినా ఆ రోజు ఆట ఖతం. మళ్లీ స్పారింగ్ ఎప్పుడన్నది చెప్పాల్సింది డాక్టర్. పోటీల్లో తల దెబ్బకు నాకౌట్ అయిన బాక్సర్‌ను కనీసం 30 రోజులు రింగుకు దూరం పెట్టే రివాజ్ ఉంది. జీతం తెగకుండా ఆ సెలవు మన బోరబండ కుర్రాడికి ఎవరిస్తారు?

ఒళ్లు అల్లా ఇచ్చిన అమానత్ అని మనం నమ్ముతాం. మన ఒళ్లే కాదు, ఎదురుగా నిలబడ్డవాడి ఒళ్లు కూడా. అందుకే భాయ్, ఆపా, ఫీజు కట్టే ముందు మూడు సవాళ్లు అడగండి. జోడీలు ఎవరు నిర్ణయిస్తారు? దెబ్బ తగిలితే ఆట ఎవరు ఆపుతారు? నాతో ఆడే కుర్రాడి హెడ్‌గార్డ్, డాక్టర్ ఖర్చు ఎవరివి? జవాబుగా "హెడ్‌గార్డ్ ఉంది కదా సార్" అంటే, చెప్పులేసుకుని బయటికొచ్చేయండి.