చెవిలో హోరు

కొందఱు స్త్రీలకు రాత్రి పరుండినంతనే చెవిలో హోరు వినబడుచుండును. మణికట్టుపై వ్రేలుంచి చూచినచో నాడియు నా హోరును నొక్క లయతో నడచుట తెలియును. ఇంటివారు దీనిని వాతమనియో, కడకు మనోభ్రమ యనియో త్రోసివేయుదురు. లేదా వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో బోయుదురు. కాని కారణము చెవిలో నుండక పుఱ్ఱెలో నుండవచ్చును.

మెదడును వెన్నుపామును జుట్టి సుమారు 150 మిల్లీలీటర్ల ద్రవము గలదు. అది దినదినము నూరుచు, తిరిగి రక్తములో నింకుచుండును. ఇంకుట తగ్గెనేని, పుఱ్ఱె సాగునది కాదు గనుక, లోపలి పీడనము హెచ్చును. నత్తగుల్లవంటి లోచెవికిని ఈ ద్రవమునకును నడుమ సన్నని యెముకదారి యుండుటచే నా పీడన మచటికిని సోకును. లోచెవికి రక్తము దెచ్చు ధమని మిక్కిలి సన్ననిది. అది చాలనిచో నాదుకొను వేఱొక దారి లేదు. కొంతవఱకు నాళములు తామే సర్దుకొనును. పీడనము మిక్కిలి హెచ్చినచో లోచెవి రక్తప్రవాహము తగ్గునని జంతువులపై జేసిన పరీక్షలలో దేలినది.

ఇక హోరు సంగతి. చెవి వెనుక పుఱ్ఱెలోనున్న పెద్ద సిర యిఱుకై, అందు రక్తము సుడిదిరుగుటచే నది తఱచుగా బుట్టును. ఇఱుకు కాలువలో నీరు చప్పుడు చేయదా? కావున నది భ్రమ గాదు, నిజమైన శబ్దమే.

ఈ వ్యాధి సంతానవయస్సులో నుండి, కొలది కాలములో బరువెక్కిన స్త్రీలకు హెచ్చు. మొటిమలకై వాడు టెట్రాసైక్లిను జాతి మందులవలనను, ఎ విటమినును మితిమీరి పుచ్చుకొనుటవలనను గూడ గలుగవచ్చును. తలనొప్పియు, వంగి లేచినప్పుడు క్షణకాలము చూపు మసకబాఱుటయు, ఒకటి రెండుగా గనబడుటయు దీని తోడి గుర్తులు. అసలైన యపాయము కంటికే: దృష్టినాడి వాచి, చూపు తిరిగి రాకుండ బోవచ్చును.

నాడితో గూడిన హోరు రక్తహీనతచేతను రావచ్చును గనుక రక్తపరీక్ష యవసరము. కాని దానితో నాగక, కంటి వెనుకభాగమును బరీక్షింపుడని కంటివైద్యుని నడుగవలెను. ఆపై ఎమ్మారై తీసి, నడుమున సూది గ్రుచ్చి పీడనము కొలుతురు. 1891లో క్విన్కె యను జర్మను వైద్యుడు ప్రకటించిన పద్ధతి యిది. నడుము పడిపోవునని మన యిండ్లలో భయము గలదు. సూదిని వెన్నుపాము ముగిసినచోటికి దిగువనే గ్రుచ్చుదురు. కొలత 25 సెంటీమీటర్ల నీటిమట్టమును మించినచో హెచ్చని యెంతురు. బరువు తగ్గుటయు, అసెటజోలమైడు మాత్రలును ముఖ్యచికిత్స. చూపు తగ్గుచున్నట్లు తోచినచో మాత్రము మఱునాటి కుంచక, ఆ దినమే యాసుపత్రికి బోవలెను.