చిప్ ఉద్యోగం అంటే ఫ్యాబ్ ఒక్కటేనా? ఓ మైక్ ప్రీయాంప్ బోర్డు ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం

2025 ఆగస్టు 12న కేంద్ర కేబినెట్ మరో నాలుగు సెమీకండక్టర్ ప్రాజెక్టులకు ఓకే చెప్పింది. అందులో ఒకటి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చిన చిప్ ప్యాకేజింగ్ యూనిట్. దీంతో అప్పటికి ఆమోదం పొందిన ప్రాజెక్టులు పది, పెట్టుబడి సుమారు 1.60 లక్షల కోట్ల రూపాయలు. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ ఈసీఈ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ అడిగే ప్రశ్న ఒక్కటే: ‘అన్నా, వీఎల్‌ఎస్‌ఐ కోర్సులో చేరమంటారా?’

చేరండి, తప్పు లేదు. కానీ ముందు ఆ వార్తలో మీ ఉద్యోగం ఎక్కడుందో చూసుకోండి. ఫ్యాబ్ గుజరాత్‌లోని ధొలేరాలో కడుతున్నారు. ప్యాకేజింగ్ యూనిట్లు సనంద్, అస్సాం వైపు ఎక్కువ. డిజైన్ కొలువులు హైదరాబాద్, బెంగళూరుల్లో ఉన్నాయి నిజమే, కానీ ‘చిప్స్ టు స్టార్టప్’ కింద ఒక్క కేంద్రమే 85 వేల మందికి శిక్షణ ఇస్తామని లక్ష్యం పెట్టుకుంది. అంటే ఆ క్యూ ఎంత పొడవుంటుందో మీరే ఊహించుకోండి.

ఈ రెండింటి మధ్య పెద్దగా వార్తల్లోకి రాని పని ఇంకోటి ఉంది. తయారైన చిప్ చెప్పినట్టు పనిచేస్తోందా లేదా అని బల్ల మీద పెట్టి తేల్చడం. దీన్నే వాలిడేషన్ అంటారు. కస్టమర్‌కు అది ఎలా వాడాలో చేసి చూపించేవాళ్లు అప్లికేషన్స్ ఇంజినీర్లు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1985లోనే బెంగళూరులో అడుగు పెట్టింది కాబట్టి ఈ పని మన దగ్గర కొత్తదేం కాదు. ఈ ఉద్యోగంలో రోజూ చేతిలో ఉండేది ఎవాల్యుయేషన్ బోర్డు. కంపెనీ తన చిప్‌ను, దాని చుట్టూ కావాల్సిన రెసిస్టర్లు, కెపాసిటర్లు, కనెక్టర్లతో సహా పెట్టి ఇచ్చే చిన్న బోర్డు అన్నమాట. దాన్ని సరిగ్గా నడిపించడం వచ్చినవాడికి, సిమ్యులేషన్ మాత్రమే వచ్చినవాడికి తేడా ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఉదాహరణకు పీజీఏ2500 తీసుకుందాం. ఇది టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి డిజిటల్ కంట్రోల్ మైక్ ప్రీయాంప్లిఫయర్. మైక్ నుంచి వచ్చేది మిల్లీవోల్టుల్లో ఉండే బక్క సిగ్నల్. దాన్ని ఏడీసీకి సరిపడా పెంచాలి. పాత మిక్సర్లలో ఆ పని గుండ్రటి నాబ్ తిప్పితే అయ్యేది. ఇక్కడ నాబ్ లేదు, 16 బిట్ల సీరియల్ పదం పంపితే గెయిన్ మారుతుంది. ముందు 0 డీబీ, ఆపైన 10 నుంచి 65 డీబీ దాకా ఒక్కో డీబీ చొప్పున మెట్లు.

‘ఇంతమాత్రానికి ప్రత్యేకంగా చిప్ ఎందుకు, మామూలు యాంప్లిఫయర్‌కి డిజిటల్ పొటెన్షియోమీటర్ తగిలిస్తే పోలా?’ అని మీకు అనిపిస్తే మంచి ప్రశ్నే. ఐఎన్‌ఏ217 అనే మైక్ ప్రీయాంప్ చిప్‌లో గెయిన్ లెక్క ఇలా ఉంటుంది: 10 కిలోఓంలను బయట పెట్టిన రెసిస్టర్ విలువతో భాగించి, 1 కలపాలి. 60 డీబీ, అంటే వెయ్యి రెట్లు కావాలంటే ఆ రెసిస్టర్ 10 ఓంలు ఉండాలి. డిజిటల్ పాట్‌ను సున్నాకి తెచ్చినా వైపర్ దగ్గర ఓ వంద ఓంలు మిగిలిపోయాయనుకోండి, 101 రెట్లకే, అంటే 40 డీబీకే కథ ముగిసిపోతుంది. ఇది ఇంటర్వ్యూలో అడగదగ్గ ప్రశ్న. సమాధానానికి కాగితం, పెన్ను చాలు.

ఇక బోర్డు దగ్గరికి వద్దాం.

మొదటి పని పవర్. ఈ చిప్‌కు ప్లస్ 5, మైనస్ 5 వోల్టులు కావాలి. ల్యాబ్‌లో ఉండే రెండు ఛానెళ్ల సప్లయ్‌తో ఇది సాధ్యమే. ఒక ఛానెల్ మైనస్‌ను, రెండో ఛానెల్ ప్లస్‌ను కలిపి, ఆ కలిసిన చోటును గ్రౌండ్‌గా తీసుకోవాలి. కరెంట్ లిమిట్‌ను డేటాషీట్‌లో ఉన్న విలువకు కాస్త పైన పెట్టండి. బోర్డుకు తగిలించకముందే మల్టీమీటర్‌తో రెండు వైపులా కొలవండి. వైర్లు తిరగబడితే చిప్ మనకు రెండో ఛాన్స్ ఇవ్వదు.

తర్వాత ఫాంటమ్ పవర్. కండెన్సర్ మైకులకు కేబుల్ ద్వారానే 48 వోల్టులు పంపుతారు, రెండు సిగ్నల్ తీగలకూ చెరో 6.8 కిలోఓంల రెసిస్టర్ గుండా. ఆ 48 వోల్టులు చిప్‌లోకి వెళ్లకుండా మధ్యలో కెపాసిటర్లు ఆపుతాయి. ప్రమాదమంతా ఆ కెపాసిటర్లలోనే ఉంది. ఫాంటమ్ ఆన్‌లో ఉండగా ఇన్‌పుట్ పిన్నులు గ్రౌండ్‌కి తగిలాయంటే, నిండుగా ఛార్జ్ అయిన కెపాసిటర్ రెండో వైపు ఒక్కసారిగా మైనస్ 48 వైపు దూకుతుంది, ఆ కరెంటంతా చిప్ ఇన్‌పుట్ మీద పడుతుంది. దీని మీద 2001లో హెబర్ట్, థామస్ అనే ఇద్దరు ఇంజినీర్లు ఆడియో ఇంజినీరింగ్ సొసైటీలో ఏకంగా ఓ పేపరే సమర్పించారు. బోర్డు మీద రక్షణ డయోడ్లు ఉన్నా సరే, ఫాంటమ్ ఆపి, కొంచెం ఆగి, అప్పుడే కేబుల్ పీకే అలవాటు చేసుకోండి. సిగ్నల్ జనరేటర్ తగిలించినప్పుడు ఫాంటమ్ అసలు వద్దు, ఆ 48 వోల్టులు వెనక్కి జనరేటర్‌లోకి పోతాయి.

కంట్రోల్ విషయానికొస్తే, 2000ల మొదట్లో వచ్చిన ఇలాంటి బోర్డులను పీసీ ప్రింటర్ పోర్టుతో నడిపేవారు. మీ ల్యాప్‌టాప్‌కి ఆ పోర్టు ఉండదు. కంగారు పడక్కర్లేదు, ఎస్‌పీఐ ఉన్న ఏ మైక్రోకంట్రోలర్ బోర్డయినా ఆ పని చేస్తుంది. లాజిక్ వోల్టేజీలు కుదురుతాయో లేదో డేటాషీట్‌లో చూసుకుని తగిలించండి. చిప్ సెలెక్ట్‌ను కిందికి దించి, పెద్ద బిట్ ముందుగా 16 బిట్లు పంపి, మళ్లీ పైకి ఎత్తితే కొత్త గెయిన్ అమల్లోకి వస్తుంది. ఇందులో చివరి ఆరు బిట్లు గెయిన్‌వి. సున్నా పంపితే 0 డీబీ. 1 నుంచి 56 వరకు ఏ అంకె పంపినా దానికి 9 కలిపితే వచ్చేదే గెయిన్. 40 డీబీ కావాలంటే 31 పంపాలి. నేరుగా 40 అని పంపితే 49 డీబీ వస్తుంది, అప్పుడు చెవులు మనవే.

ఇప్పుడు సిగ్నల్. 65 డీబీ అంటే దాదాపు 1,778 రెట్లు. మీ జనరేటర్ నుంచి వంద మిల్లీవోల్టులు పంపితే 178 వోల్టులు రావాలి, ఐదు వోల్టుల మీద బతికే చిప్ ఎక్కడినుంచి తెస్తుంది? కాబట్టి సిగ్నల్‌ను ముందే తగ్గించాలి. రెండు 75 కిలోఓంల రెసిస్టర్లు సిరీస్‌లో, చిప్ వైపు పిన్నుల మధ్య ఒక 150 ఓంల రెసిస్టర్ పెట్టండి. సిగ్నల్ వెయ్యో వంతు అవుతుంది. పైగా చిప్‌కి కనిపించే సోర్స్ 150 ఓంలు, అచ్చం ఓ మామూలు మైక్‌లాగే. మూడు రెసిస్టర్ల ఖర్చు టీ కన్నా తక్కువ.

ఆసిలోస్కోప్ పెట్టి చూస్తారు. 40 డీబీ సెట్ చేస్తే 34 కనిపిస్తుంది. బోర్డు పాడైందనుకుంటారు చాలామంది. కాలేదు. ఈ చిప్ అవుట్‌పుట్ డిఫరెన్షియల్, సిగ్నల్ రెండు తీగల మధ్య ఉంటుంది. ఒక తీగకీ గ్రౌండ్‌కీ మధ్య కొలిస్తే సగమే దొరుకుతుంది, ఆ సగమే 6 డీబీ. ‘అయితే ప్రోబ్ గ్రౌండ్ క్లిప్‌ను రెండో తీగకి తగిలిస్తా’ అనకండి. ఆ క్లిప్ స్కోప్ ద్వారా ఎర్త్‌కి కలిసి ఉంటుంది, అవుట్‌పుట్‌ను షార్ట్ చేసినట్టే. రెండు ప్రోబులు పెట్టి, స్కోప్‌లోని మ్యాథ్ ఫంక్షన్‌తో ఒకదాన్నుంచి ఇంకోటి తీసేయండి.

నాయిస్ కొలత ఇంకా ఆసక్తికరం. జనరేటర్ తీసేసి, ఇన్‌పుట్ రెండు పిన్నుల మధ్య ఒక్క 150 ఓంల రెసిస్టరే ఉంచండి. ఆ రెసిస్టర్ దానంతటదే, గది వేడికే, 20 కిలోహెర్ట్జ్ బ్యాండ్‌లో సుమారు మైనస్ 131 డీబీయూ నాయిస్ ఇస్తుంది. ఎంత గొప్ప చిప్ అయినా దీనికి కిందికి పోలేదు. 30 డీబీ గెయిన్ దగ్గర పీజీఏ2500 డేటాషీట్ చెప్పే అంకె మైనస్ 128. అంటే ప్రకృతి పెట్టిన గీతకు మూడు డీబీ పైన. అవుట్‌పుట్‌లో అది మైనస్ 98 డీబీయూ, ఓ పది మైక్రోవోల్టులు. లక్షల ఖరీదు చేసే ఆడియో అనలైజర్ మీ కాలేజీలో ఉండకపోవచ్చు. ఓ యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్, ఉచితంగా దొరికే ఆర్‌ఈడబ్ల్యూ సాఫ్ట్‌వేర్ ఉన్నా పని నడుస్తుంది. కాకపోతే ఆ ఇంటర్‌ఫేస్ సొంత నాయిస్ కూడా ఆ స్థాయిలోనే ఉంటే మీరు కొలిచేది చిప్‌ను కాదు, ఇంటర్‌ఫేస్‌ను. గెయిన్‌ను 60కి పెంచండి, చిప్ నాయిస్ పైకి లేచి స్పష్టంగా కనిపిస్తుంది. స్పెక్ట్రమ్‌లో 50 హెర్ట్జ్ దగ్గర ముల్లు పొడుచుకొస్తే ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపి చూడండి, చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు.

ఇదంతా సిలబస్‌లో ఉండదు. సీఆర్‌వో, ఫంక్షన్ జనరేటర్ ప్రతి ఈసీఈ ల్యాబ్‌లో ఉంటాయి, రికార్డు రాయడానికి తప్ప వాటిని ముట్టుకోనివ్వరు, అది వేరే సంగతి. బోర్డు ఖరీదు ఒక్కరికి భారమైతే నలుగురు కలిసి కొనండి, మైనర్ ప్రాజెక్టుగా చూపిస్తామని హెచ్‌వోడీని అడగండి. హైదరాబాద్‌లో ఉన్నవారైతే 2023 మార్చిలో మొదలైన టీ-వర్క్స్‌కి ఒకసారి వెళ్లి రండి, హార్డ్‌వేర్ ప్రోటోటైపుల కోసమే పెట్టిన చోటు అది.

రెజ్యూమెలో ‘హార్డ్‌వేర్‌పై మంచి పట్టు’ అన్న లైన్ తీసేయండి. ఈ చిప్‌లో వేర్వేరు గెయిన్ సెట్టింగులు 57. అన్నీ కొలిచి, సెట్ చేసిన గెయిన్ అడ్డంగా, వచ్చిన గెయిన్ నిలువుగా ఓ గ్రాఫ్ గీయండి. ఆ ఒక్క పేజీ ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకుని ఇంటర్వ్యూకి వెళ్లండి. 0కీ 10కీ మధ్య ఆ ఖాళీ ఏంటని అవతలివాళ్లే అడుగుతారు.