కీబోర్డు తగిలిస్తే ట్యాబ్ లాప్‌టాప్ అయిపోదు

"ఇంట్లో ట్యాబ్ ఉంది గదబ్బా, మళ్ళా లాప్‌టాప్ ఎందుకు? కీబోర్డు ఒకటి తగిలిస్తే సరిపాయ!"

చిత్తూరు, పలమనేరు, పుత్తూరు, తిరుపతి... పిల్లలకు ఇంజినీరింగ్ చదువు చెప్పించాలనుకునే ఏ ఇంట్లో చూసినా ఈ మాటే. ఇది శుద్ధ తప్పు. తెలియక అన్నవాళ్ళను క్షమించొచ్చు. తెలిసి కూడా అమ్ముకోవడానికి అనేవాళ్ళు ఆ తల్లిదండ్రులకు అన్యాయం చేస్తున్నారు.

ఈ గందరగోళంలో ప్రభుత్వాల పాత్రా ఉంది. 2021లో అమ్మఒడి సొమ్ముకు బదులు తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా కోరుకున్నవారికి లాప్‌టాప్ ఇస్తామన్నారు. 2022 డిసెంబరులో పంచింది మాత్రం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు. రెండూ ఒకటేనన్న భావం జనంలో అలా పాతుకుపోయింది. ఆ ట్యాబును నేను తక్కువ చేయను. 8.7 అంగుళాల తెర, 3 జీబీ ర్యామ్, పాఠాలు నింపిన మెమరీ కార్డు. సిగ్నల్ అందని కుప్పం పక్క పల్లెలో కూడా పాఠం వినొచ్చు. ఆ పనికి అది మంచి వస్తువు.

కానీ ఆ పిల్లలు రేపు ఎస్వీ యూనివర్సిటీలోనో, పద్మావతి మహిళా వర్సిటీలోనో బి.టెక్.లో చేరితే అదే ట్యాబ్ అక్కరకు రాదు. తేడా తెర సైజులో లేదు, ఆపరేటింగ్ సిస్టంలో ఉంది. ట్యాబులో ఉండేది ఆండ్రాయిడ్. మెకానికల్ విద్యార్థి వాడే సాలిడ్‌వర్క్స్‌కు విండోస్ కావాలి. మ్యాట్‌ల్యాబ్‌కు ఆండ్రాయిడ్ యాప్ ఉంది గదా అంటారు. ఆ యాప్‌లో లెక్క చేసేది దూరాన ఉన్న సర్వరు. నెట్ పోతే పని ఆగిపోతుంది.

రూపం చూసి మోసపోవడం ఇంకో రకం. 2023లో 16,499 రూపాయలకు జియోబుక్ వచ్చింది. బరువు కిలో లోపే. మూత తెరిస్తే కీబోర్డు, దాని కింద టచ్‌ప్యాడ్, చూపుకు అచ్చం లాప్‌టాపే. లోపలున్నది మీడియాటెక్ చిప్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ, జియో ఓఎస్. బ్రౌజింగుకూ టైపింగుకూ బాగుంటుంది. విండోస్ సాఫ్ట్‌వేర్ సెటప్ ఫైలు నొక్కితే మాత్రం తెరుచుకోదు. క్రోమ్‌బుక్ కొంత నయం: చాలా మోడళ్ళలో లినక్స్ పెట్టుకుని సీ, పైథాన్ ప్రోగ్రాములు రాసుకోవచ్చు. సాలిడ్‌వర్క్స్ దాంట్లోనూ ఎక్కదు.

దీనికి పూర్తిగా ఎదురు వాదన కూడా తప్పే. "గేమింగ్ లాప్‌టాప్ తీసిస్తే నాలుగేళ్ళు చూడనక్కర్లేదు" అంటారు. రెండు కిలోలు దాటిన యంత్రం, ఇటుకంత చార్జరు భుజాన వేసుకుని పుత్తూరు నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్లకు అది శిక్ష. ప్లగ్ తీస్తే కొన్ని గంటలకే బ్యాటరీ ఖాళీ. కోడింగ్ నేర్చుకునేవాళ్ళకు 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న మామూలు లాప్‌టాప్ చాలు. విడిగా గ్రాఫిక్స్ కార్డు అవసరమయ్యేది త్రీడీ డిజైన్ లాంటి బరువైన పనులకే. టమాటాకు ధర పలికిన ఏడు దాచుకున్న సొమ్మును అక్కర్లేని కార్డు మీద పోయించడం ఏం న్యాయం?

కాలేజీ ల్యాబులో వాడే సాఫ్ట్‌వేర్ల పేర్లు ముందే సీనియర్లను అడిగి కాగితం మీద రాసుకోండి. అంగట్లో ఆ కాగితం చూపించి, ఇవన్నీ ఇందులో నడుస్తాయని బిల్లు మీద రాసివ్వమనండి. రాసివ్వని అంగట్లో కొనకండి.